బోర్ల లెక్క రాసే రైతు

ఆటో స్టార్టర్లు వచ్చాక బోరులో నీటి మట్టం కొలిచే మనిషికి నిద్ర కరువైంది. కరెంటు రావడమే ఆలస్యం, ఊళ్లో మోటార్లన్నీ వాటంతటవే లేస్తాయి. నడుస్తున్న మోటారు ఆపి కొలిస్తే ఆ పొద్దు ఆ మోటారు ఎంత లాగిందో తెలుస్తుంది గానీ, నేలలో నీళ్లు ఎక్కడున్నాయో తెలియదు. కాబట్టి ఫీడరుకు కరెంటు రాకముందే మట్టం కొలిచే వైరు భుజాన వేసుకుని బయల్దేరాలి. లేదంటే ముందురోజు మాపటికే బోరున్నాయన ఇంటికి పోయి, "మామా, రేపు తెల్లారి మీ బోరు చూడాల. స్టార్టరు ఆటోలోంచి తీసి పండుకో" అని చెప్పి రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో సాగుకు పగటిపూట 9 గంటల కరెంటు కాబట్టి రాత్రంతా మోటారు ఆగి ఉంటుంది, బోరు తేరుకుంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ ఆసరా కూడా పోయింది. అక్కడ యజమాని తలచుకుని ఆపితే తప్ప బోరుకు విరామం లేదు.

ఇది జీతం లేని పని, పదవి లేని పని. ఫొటోకు కూడా పనికిరాదు. రాయలసీమ మెట్ట పల్లెల్లో, పాత మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఈ పని నేర్చిన రైతులు వందల్లో ఉన్నారు. 2003లో మొదలై, తర్వాత ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో సాగిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే భూగర్భజల పథకం వాళ్లకు బడి. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ: ఈ 7 కరువు జిల్లాల్లో ఊరి రైతుల చేతే వాన కొలిపించి, బోర్లు కొలిపించి, రబీకి ముందు నీళ్ల పద్దు వేయించారు. అంతకుముందు నెదర్లాండ్స్ సాయంతో నడిచిన ఏపీవెల్ పథకంలో బోర్లు తవ్వించారు. తవ్వినవాటిలో నీళ్లు నిలవాలంటే ఏం చేయాలన్న ప్రశ్నలోంచి రెండోది పుట్టింది. పథకం ముగిశాక కొన్ని ఊళ్లలో పుస్తకం అటకెక్కింది. కొన్నిచోట్ల మాత్రం ఒక్క కుటుంబం పట్టుదల వల్ల లెక్క నడుస్తూనే వచ్చింది. అలాంటి కుటుంబం చేసే పని ఏమిటో, అందులో ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ముందు వాన సంగతి. వానమాపకం ఇంటి దగ్గరే ఉండాలి, కానీ ఇంటికి ఆనుకుని ఉండకూడదు. చుట్టుపక్కల ఏ గోడ, ఏ చెట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం రెండింతల దూరం జరపాలి. 4 మీటర్ల వేపచెట్టుకు 8 మీటర్ల అవతల. మూతి అంచు నేల నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో, సమమట్టంగా ఉండాలి. కంచె లేకపోతే కోళ్లు, మేకలు దాన్ని బతకనివ్వవు. వాతావరణ శాఖ పద్ధతి ప్రకారం రోజూ ఉదయం 8.30కి చూడాలి. ముందురోజు 8.30 నుంచి ఈరోజు 8.30 దాకా పడినదంతా ఈరోజు తారీఖు కింద రాయాలి. చాలామంది రాత్రి పడిన వానను నిన్నటి తారీఖులో వేస్తారు. నెల మొత్తానికి పెద్దగా తేడా రాదు గానీ, పక్క ఊరి లెక్కతో పోల్చాలంటే ఏ రోజుకారోజు కుదరదు.

కొలిచే గాజు గ్లాసు పగలడం ఖాయం. అప్పుడు ఎక్కడో దొరికిన వేరే మాపకం గ్లాసుతో కొలుస్తారు, అక్కడే లెక్క చెడుతుంది. ఒక్కో గ్లాసు దాని గరాటు మూతి వైశాల్యానికే సరిపోతుంది. మూతి 200 చదరపు సెంటీమీటర్లయితే 20 మిల్లీలీటర్ల నీళ్లు ఒక మిల్లీమీటరు వాన. 100 చదరపు సెంటీమీటర్లయితే 10 మిల్లీలీటర్లకే ఒక మిల్లీమీటరు. ఈ సంగతి తెలిస్తే మందుల షాపులో దొరికే కొలత గ్లాసు చాలు, కొత్తది వచ్చేదాకా ఆగక్కర్లేదు.

రాసేటప్పుడు ఒక్క నియమం ఇంట్లో అందరికీ నూరిపోయాలి. వాన పడకపోతే సున్నా రాయాలి, చూడకపోతే గీత పెట్టాలి. పెళ్లికి పోయి మూడు రోజులు చూడకుండా వచ్చాక మూడు సున్నాలు వేసిన పుస్తకం కంటే మూడు గీతలున్న పుస్తకం మేలు. 8.30 అంటే పాలు కేంద్రానికి పోసి వచ్చి, పిల్లలను బడికి పంపే వేళ. ఆ వేళకు మగవాడు చేలో ఉంటాడు. కాబట్టి చాలా ఇళ్లలో వానమాపకం ఇల్లాలి చేతిలోనే నడుస్తుంది. ఊరి సభలో ఆ లెక్క చదివేది మాత్రం ఆయనే. పుస్తకం ఆమెదైతే సభలో చదవాల్సింది కూడా ఆమే అని నా అభిప్రాయం.

వాన అంకెకు రైతు మనసులో బరువు రావాలంటే దాన్ని లీటర్లలోకి మార్చాలి. ఒక మిల్లీమీటరు వాన ఎకరాలో 4,047 లీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన, అంటే మంచి విత్తనం పదును, ఎకరాకు లక్ష లీటర్లు. గంటకు 12,000 లీటర్లు పోసే బోరు 9 గంటలు ఆగకుండా తిరిగితే వచ్చేదీ దాదాపు అంతే. ఈ ఒక్క పోలిక గోడ మీద రాసిపెడితే చాలు, వానను చూసే చూపు మారుతుంది.

ఇక బోర్లు. ఊళ్లో ఉన్నవన్నీ కొలవక్కర్లేదు. వాగు దగ్గర రెండు, మిట్ట మీద రెండు, చెరువు కింద రెండు, దూరంగా విసిరేసినట్టున్నవి రెండు మూడు: ఎనిమిది నుంచి పది చాలు. ఎండిపోయి మోటారు తీసేసిన బోరు ఒకటైనా అందులో ఉండటం మంచిది, ఎందుకంటే దాన్ని ఎవరూ తోడరు. నెలకు రెండుసార్లు, 1న, 15న. కేంద్ర భూగర్భజల మండలి ఏడాదికి నాలుగుసార్లే కొలుస్తుంది. రాష్ట్ర శాఖ పీజోమీటర్లు (నీటి మట్టం చూడటానికే వేసిన బోర్లు) నెలనెలా చెబుతాయి, కానీ అవి మండలానికి ఒకటో రెండో. ఆ అంకెతో మన ఊరి ఉత్తరపు మిట్ట మీద వరి వేయాలా వద్దా అన్నది తేలదు.

వాడే పరికరం చక్రానికి చుట్టిన రెండు తీగల వైరు, దాని కొసన బరువైన లోహపు ముక్క, చక్రంలో బ్యాటరీ, బజరు. నీళ్లు తగిలితే మోగుతుంది. పని ఇంతే అనిపిస్తుంది గానీ మోటారున్న బోరులోకి వైరు దించడం నరకం. కేసింగుకు (బోరు గోడకు తొడిగిన గొట్టం), నీళ్లు తెచ్చే పైపుకు మధ్య సందు తక్కువ. అందులోనే మోటారు కేబులు, తాడు ఉంటాయి. వైరు వాటికి చుట్టుకుంటే పైకి రాదు. బలవంతంగా లాగితే కొస తెగి బోరులోనే పోతుంది, ఆపైన యజమాని ముఖం చూడలేం. దీనికి మందు ఒక్కటే. మోటారు రిపేరుకని బయటికి తీసిన రోజున, మళ్లీ దించేటప్పుడు పైపు పక్కనే ముప్పావు ఇంచి పీవీసీ గొట్టం మోటారు పైదాకా కట్టించాలి. కింది మీటరు, రెండు మీటర్ల దాకా చిన్న బెజ్జాలు వేయాలి. పై కొసకు మూత. ఇక వైరు ఆ గొట్టంలో నిశ్చింతగా దిగుతుంది. అందుకే ఈ పని చేసే రైతుకు ఊరి మోటారు మెకానిక్కుతో స్నేహం ఉండాలి: ఎవరి మోటారు ఎప్పుడు పైకి వస్తోందో మొదట తెలిసేది అతనికే.

బజరు మోగినంత మాత్రాన నమ్మకూడదు. రాతి పగుళ్లలోంచి బోరు గోడ మీదుగా నీళ్లు కారుతుంటాయి. ఆ ధార కొసకు తగిలినా మోగుతుంది. అది ఆగి ఆగి మోగుతుంది, అసలు మట్టం తగిలితే తెంపు లేకుండా మోగుతుంది. మోగిన చోట వైరును వేలితో పట్టి, మీటరు పైకి లాగి, మళ్లీ నెమ్మదిగా దించాలి. రెండోసారి కూడా అక్కడే, రెండు సెంటీమీటర్ల లోపు తేడాతో మోగితేనే రాయాలి. కొలత ఎప్పుడూ కేసింగు మూతి మీద రంగు చుక్క పెట్టిన ఒకే చోటు నుంచి తీయాలి. కేసింగు నేల పైకి ఎంత లేచి ఉందో అంత తీసేయాలి. వైరు 21.4 మీటర్లు చూపి, కేసింగు అర మీటరు పైకుంటే, నీళ్లు 20.9 మీటర్ల లోతున ఉన్నట్టు. చెప్పేటప్పుడు అడుగుల్లో చెప్పాలి. బోరు లోతు అడుగుల్లో గుర్తుండే మనిషికి మీటర్లు చెబితే తల ఊపుతాడు గానీ ఎక్కదు. ఒక మీటరుకు 3.28 అడుగులు.

బోరు ఎంత పోస్తోందన్నది వేరే లెక్క. "రెండు ఇంచుల నీళ్లు" అన్న మాటతో పని జరగదు, ఒకరి రెండించులు ఇంకొకరి ఒకటిన్నర. ప్లాస్టిక్ డ్రమ్ము, ఫోనులో స్టాప్‌వాచి చాలు. 200 లీటర్ల డ్రమ్ము అని అమ్మేది అంచుదాకా నింపితే అంతకంటే ఎక్కువే పడుతుంది. కాబట్టి 20 లీటర్ల క్యానుతో పదిసార్లు పోసి, నీళ్లు వచ్చిన చోట లోపల రంగు గీత పెట్టాలి. ఆ గీత దాకా నిండేందుకు 60 సెకన్లు పడితే గంటకు 12,000 లీటర్లు, 72 సెకన్లు పడితే 10,000, రెండు నిమిషాలైతే 6,000. మూడుసార్లు నింపి సగటు వేయాలి.

మోటారు వేసిన వెంటనే కొలిస్తే మాత్రం మోసపోతాం. ఆరున్నర ఇంచుల బోరులో మీటరు ఎత్తుకు 21 లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. మోటారు పైన 50 మీటర్ల నీళ్లుంటే వెయ్యి లీటర్లకు పైమాటే. మొదటి ఐదారు నిమిషాలు వచ్చేది ఆ నిలవ నీరు. కనీసం గంట నడిచాక, ధార నిలకడ పడ్డాక డ్రమ్ము పెట్టాలి. ఆగి ఆగి గాలితో కలిసి వచ్చే బోరును ఎంతసేపు నడిచి, ఎంతసేపు ఆగిందో చూసి రోజు మొత్తానికి రాయాలి. కొంతమంది బోరు యజమానులు డ్రమ్ము చూడగానే వాల్వు కొంచెం తిప్పుతారు. అది చూసీ చూడనట్టు ఊరుకుని, ఇంకో రోజు చెప్పకుండా పోవడం ఒక పద్ధతి. అలా ఎందుకు తిప్పుతారో అర్థం చేసుకోవడం అంతకంటే ముఖ్యం. నీళ్లు ఎక్కువని తేలితే పక్క చేనాయన తడికి అడుగుతాడు. తక్కువని తేలితే చేని ధర పడుతుంది, కౌలుకు అడిగేవాడు వెనక్కి పోతాడు. అందుకే గోడ మీద పేరు రాయకుండా బోరు నంబరే రాస్తారు. ఏ నంబరు ఎవరిదో ఊరందరికీ తెలుసు, అయినా పేరు లేకపోవడంలో ఒక మర్యాద ఉంది. ఇంకొకటి: ఒకటో నంబరు బోరు లెక్క రాసే రైతుదే కావాలి. తన బోరు తగ్గిన సంగతి తానే ముందు గోడకెక్కిస్తే మిగతావాళ్ల నోరు సగం మూతపడుతుంది.

గోడ అంటే బడి గోడో, పాల కేంద్రం గోడో, రచ్చకట్ట ఎదురుగోడో. ఊరి సచివాలయం లోపలి బోర్డు వద్దు, దానికి తలుపు, తాళం ఉంటాయి. నల్లరంగు వేసి, గీతలు శాశ్వతంగా గీసి, అంకెలు సుద్దతో. తారీఖు, ఆ పక్షం వాన, బోరు నంబరు, లోతు అడుగుల్లో, గంటకు లీటర్లు, పోయిన ఏడాది ఇదే తారీఖు లోతు. ఈ చివరి గడి లేని బోర్డు దండగ. 85 అడుగులు అన్నది ఒట్టి అంకె. పోయినేడు ఇదే రోజున 62 అడుగులు అని పక్కనుంటే చదివినవాడు ఆగుతాడు.

ఏడాదంతా రాసిన ఈ అంకెలు ఒకచోట కలిసేది అక్టోబరులో, ఖరీఫ్ కోతలయ్యి రబీ విత్తనం వేయకముందు. నీళ్ల పద్దు సభ అప్పుడే పెట్టాలి. నవంబరు నడిమికి జరిపితే నారుమళ్లు పోసేసి ఉంటారు, ఆ తర్వాత చెప్పేదంతా వినడానికే. పద్దు ఎలా వేస్తారో ఒక ఊహా ఊరితో చూద్దాం.

ఊరి నేల 2,000 ఎకరాలు అనుకుందాం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా 380 మిల్లీమీటర్ల వాన పడింది. ఎకరాకు మిల్లీమీటరుకు 4,047 లీటర్ల చొప్పున మొత్తం 307 కోట్ల లీటర్లు పైన పడ్డాయి. ఇదంతా నేలలోకి పోదు. గ్రానైటు నేలల్లో బంకమన్ను వాటాను బట్టి నూటికి 8 నుంచి 11 వంతులు లోపలికి దిగుతాయని 1997 నాటి భూగర్భజల అంచనా పద్ధతి చెబుతుంది. భద్రంగా 8 పట్టుకుంటే 24.6 కోట్ల లీటర్లు. ఖరీఫులో 60 బోర్లు, గంటకు 10,000 లీటర్ల చొప్పున, రోజుకు 6 గంటలు, 25 రోజులు నడిచాయంటే 9 కోట్లు అయిపోయాయి. 1,200 మంది జనానికి మనిషికి 55 లీటర్ల చొప్పున ఏడాదికి 2.4 కోట్లు. 500 పశువులకు 50 లీటర్ల చొప్పున 0.9 కోట్లు. మిగిలింది 12.3 కోట్ల లీటర్లు.

వరికి 1,200 మిల్లీమీటర్ల నీళ్లు లెక్కేస్తే ఎకరాకు 48.6 లక్షల లీటర్లు. మిగిలిన నీళ్లతో ఊరు మొత్తం మీద 25 ఎకరాల వరి. అదే వేరుశనగ 500 మిల్లీమీటర్లతో అయితే 60 ఎకరాలు, రాగి 350 మిల్లీమీటర్లతో 86 ఎకరాలు. ఊళ్లో 60 బోర్లున్నాయి. బోరుకు ఒక్క ఎకరా వరి పెట్టినా 29 కోట్ల లీటర్లు కావాలి.

సభలో తెలివైనవాడు ఒకడు లేచి, మడిలో పెట్టిన నీళ్లు మళ్లీ కిందికి దిగవా అని అడుగుతాడు. సరైన ప్రశ్నే. దిగుతాయి, సర్కారు పద్ధతిలో కూడా ఆ తిరిగొచ్చే నీటిని కలుపుతారు. నీళ్లు ఎంత లోతుకు పోతే తిరిగి చేరే వాటా అంత తగ్గుతుంది. మూడో వంతు తిరిగి వచ్చిందనుకున్నా 19 కోట్లు దాటుతుంది, ఉన్నవి 12. ఈ లెక్క ముందే వేసుకుని పోకపోతే ఆ ఒక్క ప్రశ్నతో సభ అంతా గోల అవుతుంది. ఈశాన్య రుతుపవనాల వానను ముందుగా పద్దులో కలుపుదామనే వాళ్లూ ఉంటారు. పడ్డాక కలుపుదాం అని చెప్పడమే సరైన జవాబు.

దీనికి తోడు ఇంకో అంకె ఉంది, నా లెక్కలో అదే అన్నిటికంటే పదునైనది. కుళ్లిన గ్రానైటు పొరలో పిండితే వచ్చే నీళ్లు ఒకటిన్నర నుంచి 3 శాతం మాత్రమే. అంటే ఎకరా కింద నీటి మట్టం మీటరు పడిపోతే బయటికి వచ్చిన నీళ్లు 60 వేల నుంచి లక్షా 20 వేల లీటర్లు. ఎకరా వరికి 48 లక్షలు. ఒక ఎకరా వరి తన కిందనే కాదు, చుట్టూ ఎన్ని ఎకరాల కింద నీళ్లు లాగుతుందో ఎవరికి వారే భాగించుకోవచ్చు. "నా బోరు, నా నీళ్లు" అన్న మాటకు ఇంతకంటే మెత్తని జవాబు లేదు.

లెక్క చెప్పడం దాకే ఈ రైతు పని. ఏం వేయాలో చెప్పిన రోజున ఆయన మాట చెల్లదు. మహారాష్ట్రలో హివ్రే బజార్ ఊరు ఏటా వానను చూసి నీళ్ల పద్దు వేసుకుని పంటలు నిర్ణయించుకుంటుంది. ఆ పని నడిపిన పోపట్‌రావు పవార్‌కు 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఆ పని నడిపినప్పుడు ఆయన సర్పంచి, వెనక గ్రామసభ తీర్మానముంది. మన దగ్గర లెక్క రాసే రైతు చేతిలో సుద్దముక్క తప్ప ఏమీ లేదు. (2019 డిసెంబరు 25న కేంద్రం మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజన అనే భూగర్భజల పథకం నడిచింది సరిగ్గా ఇలాంటి ఊరి పద్దుల మీదే. అది 7 రాష్ట్రాలకు వచ్చింది, రెండు తెలుగు రాష్ట్రాలూ అందులో లేవు.) అందుకని సభలో వచ్చే అభ్యంతరాలను ఎదుర్కోవడం కంటే వినడం ముఖ్యం. "వరి ఎయ్యకుంటే పశువులకు గడ్డి యాడ్నుంచి వస్తాది బ్బా?" అని అడిగేవాడు మొండివాడు కాదు. పాల మీద బతికే ఇంటికి వరి అంటే సగం గడ్డే. దానికి జవాబు వరి మానేయమని కాదు. జొన్న చొప్ప, శనక్కాయ కట్టె ఎంత వస్తుందో కూడితే ఇంటికి ఎన్ని సెంట్ల వరి గడ్డి తక్కువ పడుతుందో తేలుతుంది. ఎకరంన్నర మడి అర ఎకరానికి దిగేది అలా కూర్చుని కూడినప్పుడే. డ్రిప్పు పెట్టించుకుంటే నీళ్లు మిగులుతాయన్న మాట కూడా సగమే నిజం. మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరా టమాటా పెట్టేస్తే భూమికి మిగిలిందేమీ లేదు. పద్దులో డ్రిప్పును ఎకరాలతో కలిపే రాయాలి.

బోరు ఎక్కడ వేయాలని అడగడానికి కూడా ఈయన దగ్గరికే వస్తారు. నీళ్ల లెక్క తెలిసినవాడికి నీళ్ల చోటు తెలుస్తుందని జనం నమ్మకం. కొబ్బరికాయ పట్టేవాళ్ల పక్కన ఈయనను కూడా నిలబెడతారు. ఒక్కసారి చోటు చూపించి అది ఎండితే పదేళ్ల పుస్తకం మీద నమ్మకం పోతుంది. అందుకని చెప్పగలిగింది చట్టం సంగతే: 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి, ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు వేయకూడదు. టేపు పట్టి ఆ దూరం కొలిచి చూపడం ఆయన చేయదగిన సాయం. అలాగే బోరు బండివాళ్ల దగ్గర, మోటార్లు అమ్మేవాళ్ల దగ్గర టీ తాగడం దాకా సరే, కమీషన్ ముట్టకూడదు.

ఇంటి మీద పడే భారం గురించి కూడా దాపరికం లేకుండా రాయాలి. పది బోర్లు చూడటానికి నడిచి పోతే రెండు మూడు గంటలు. అది నెలకు రెండుసార్లు. డ్రమ్ము లెక్క ఇంకో పూట, దానికి ఇద్దరు కావాలి. అంత సమయం ఏ జీతగాడికైనా చిన్నదే, కానీ రైతుకు 1, 15 తారీఖులు టమాటా కోతతో కలిసి రావచ్చు. మదనపల్లె మార్కెట్టుకు పోయే బండి తెల్లవారుజామున ఆగదు. ఆ రోజున బాక్సులెత్తే పని ఇంటి ఆడవాళ్ల మీద, కూలీల మీద పడుతుంది. బోర్లను మూడుగా పంచి, ఇంటర్ చదివే పిల్లలకు మూడు, పక్క వీధి రైతుకు మూడు అప్పజెప్పిన ఊళ్లలోనే ఇది పదేళ్లు నిలిచింది. అన్నీ తానే చూడాలనుకున్న మనిషి రెండో టమాటా పంటకే వదిలేస్తాడు. వైరు, బ్యాటరీ, సుద్ద, రంగు ఖర్చు చిన్నదైనా సొంత జేబులోంచి పెట్టకూడదు. పాల సంఘమో, పొదుపు సంఘమో ఇస్తే పుస్తకం ఆ ఒక్కడిది కాకుండా ఊరిది అవుతుంది.

ఈ తిరుగుడులో కంటపడే ఇంకో పని ఎండిన బోర్లది. ఫెయిలైన బోరులోంచి కేసింగు పైపు పీకి ఇంకోచోట వాడుకుంటారు. పైపు పోయాక మూతి దగ్గర మన్ను విరిగి గుంత వెడల్పవుతుంది, పిల్లలు పడేది అందులోనే. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వాడుకలో ఉన్న బోరుకు వెల్డింగు చేసిన ఇనుప మూతో, నట్లు బోల్టులతో బిగించిన మూతో ఉండాలి. కేసింగు చుట్టూ అర మీటరు చదరంలో, నేల పైకి 30 సెంటీమీటర్లు, కిందికి 30 సెంటీమీటర్లు సిమెంటు దిమ్మె కట్టాలి. వదిలేసిన బోరును అడుగు నుంచి నేల దాకా మట్టి, ఇసుక, గులకరాళ్లతో పూడ్చాలి. గోనెసంచి కప్పి రాయి పెట్టడం పూడ్చడం కాదు.

పూడ్చడానికి ముందు లెక్క వేసుకోవాలి. ఆరున్నర ఇంచుల బోరు మీటరుకు 21 లీటర్లు, 200 మీటర్ల లోతుకు 4.3 ఘనపు మీటర్లు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీతో అయితే ఒకటిన్నర ట్రాలీ. అర ట్రాలీకే నిండిపోయిందంటే నిండలేదు, పెద్ద రాయి నడుమ ఇరుక్కుంది. దాని కింద ఖాళీ అలాగే ఉంటుంది, రెండు వానలకు మన్ను దిగి మళ్లీ గుంత నోరు తెరుస్తుంది. కాబట్టి చేతిపిడికిలి కంటే పెద్ద రాయి వేయకూడదు. గమేళాతో కొద్దికొద్దిగా పోయాలి, మధ్యమధ్య వైరుకు బరువు కట్టి దించి ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. పైన అడుగు ఎత్తు మన్ను కుప్పగా వదిలి, వానల తర్వాత దిగిన మేర మళ్లీ నింపాలి. వాన నీళ్లు దింపే గుంతగా మార్చాలనుకున్న బోరును మాత్రం పూడ్చకూడదు. అయితే అందులోకి బురదనీళ్లు సూటిగా వదిలితే పగుళ్లు పూడుకుపోయి అదీ చస్తుంది. చుట్టూ తవ్వి, కేసింగుకు బెజ్జాలు వేసి, నైలాన్ జాలీ చుట్టి, కింద పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేయాలి. ఆ పై ఇసుక పొరను ఏటా వానలకు ముందు తీసి కడగాలి. కడిగే మనిషి ఎవరో ముందే తేలకపోతే ఆ గుంత జోలికి పోవద్దు.

పుస్తకం గురించి చివరగా. మొదటి పేజీలో ప్రతి బోరు నంబరుకు ఎదురుగా సర్వే నంబరు, కేసింగు నేల పైకి ఎంత ఉందో ఆ కొలత, రంగు చుక్క ఏ వైపు ఉందో, బోరు మొత్తం లోతు, మోటారు దించిన లోతు రాసి ఉండాలి. మోటారు ఇంకా కిందికి దించినా, బోరును మళ్లీ తవ్వి లోతు పెంచినా తారీఖుతో సహా అక్కడే రాయాలి. లేకపోతే రెండేళ్ల తర్వాత ఆ బోరు అంకె ఎందుకు మారిందో ఎవరికీ అంతుపట్టదు. సంవత్సరం జూన్ 1న మొదలై మే 31న ముగుస్తుంది. మే ఆఖరున పేజీలన్నీ ఫోనుతో ఫొటోలు తీసి కనీసం ఇద్దరికి పంపి ఉంచాలి. చెదలు, వాన, కొత్త ఇంటికి సామాను మార్చడం, ఈ మూడింటిలో ఏదో ఒకటి పాత పుస్తకాన్ని తినేస్తుంది. వైరు మీద మీటరు గుర్తులు చెరిగిపోతే, ఎండలో సాగదీసి ఇనుప టేపుతో పోల్చి మళ్లీ గుర్తులు పెట్టాలి. కొత్త వైరు కొన్న నెలలో పాతదానితో, కొత్తదానితో రెండుసార్లూ కొలిచి, తేడా ఎంతుందో పుస్తకంలో రాసుకోవాలి.